వెన్ను ఫ్యూజన్ తర్వాత కుట్లు ఎందుకు మానవు? నూరేళ్ల వెనక్కి వెళ్తే...

1911లో న్యూయార్క్‌లో ఇద్దరు సర్జన్లు, రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ, ఎవరి దారిన వారు వెన్నుపూసలను ఒకదానికొకటి అతికించే పద్ధతిని, అంటే ఫ్యూజన్‌ను, ప్రకటించారు. అప్పటి రోగుల్లో ఎక్కువమంది వెన్నుకు క్షయ సోకినవాళ్లు. లోపల పెట్టింది ఎముకే. ఆల్బీ రోగి మోకాలి కింది ఎముక నుంచే ముక్క తీసి వాడేవాడు. పెన్సిలిన్ ఇంకా పుట్టలేదు. పుండు చీము పడితే తప్పు క్రిములదే అనుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు, కానీ అదే మొత్తం నిజం కాదు.

1962లో అమెరికా సర్జన్ పాల్ హారింగ్టన్ పక్కకు వంగిన వెన్నును స్టీలు రాడ్లతో సరిచేసే పద్ధతిని ప్రచురించాక లెక్క మారింది. లోహాన్ని పట్టుకున్న బాక్టీరియా తన చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. మందు దాన్ని దాటడం కష్టం. ఎముక బాగా అతుక్కోవడానికి పెట్టిన రాడ్డే క్రిములకు ఇల్లయింది.

దాదాపు అదే సమయంలో, 1961లో, అమెరికా సర్జన్ జాన్ బర్క్ గినీ పిగ్‌ల మీద ఒక సంగతి తేల్చాడు: యాంటీబయాటిక్ క్రిములకన్నా ముందు ఒంట్లో ఉండాలి, గంటల తర్వాత ఇస్తే దాదాపు దండగే. కోతకు ముందే ఇంజెక్షన్ ఇచ్చే ఇప్పటి అలవాటుకు మూలం అక్కడుంది.

తర్వాత చూపు రోగి ఒంటి మీదికి మళ్లింది. పుండు మానకుండా అడ్డుపడేవి ఇవి: అదుపులో లేని షుగర్, సిగరెట్, స్టెరాయిడ్లు, తిండి చాలక తగ్గిన ప్రోటీన్, ఇదివరకే అదే చోట జరిగిన ఆపరేషన్ లేదా రేడియేషన్. ఊబకాయం కూడా ఉంది గానీ, నాకు ఆసక్తిగా అనిపించేది అందులోని మెలిక. ఒంటి మొత్తం బరువుకన్నా, కోసే చోట చర్మం కింద కొవ్వు ఎంత మందంగా ఉందన్నది ముప్పును మెరుగ్గా చెబుతుందని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. కొవ్వుకు రక్తం తక్కువగా అందుతుంది, పైగా కుట్ల కింద ఖాళీ మిగిలి నీరు చేరుతుంది. వీపు వెనుక నుంచి చేసే ఆపరేషన్‌లో కండరాలను గంటల తరబడి పక్కకు లాగి పట్టుకుంటారు. ఆ ఒత్తిడికి వాటికీ రక్తం అందదు. అందుకే ఎక్కువ పూసలు, ఎక్కువ సమయం, ఎక్కువ రక్తస్రావం అంటే పుండు మానకపోయే ముప్పూ ఎక్కువే.

ఇప్పుడు చాలామంది సర్జన్లు షుగర్ అదుపులోకి వచ్చేదాకా, సిగరెట్ మానేదాకా ఆపరేషన్ వాయిదా వేస్తారు. వెన్ను విరిగి కాళ్లు పడిపోతున్న మనిషికి మాత్రం ఆ వారాలు దొరకవు.