ఫీజు కట్టే ముందు క్లాసులో ఒక అరగంట కూర్చోండి: మాంటిస్సోరి స్కూళ్ళ మీద అపోహలు, వాస్తవాలు

డిసెంబర్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. చుట్టాలు, అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు, ఎప్పుడో నాతో చదువుకున్న వాళ్ళు, "బాబుకి మూడు వస్తున్నాయి, ఫలానా మాంటిస్సోరిలో వెయ్యమంటావా అక్కా" అని. నేను హైదరాబాద్‌లో పద్నాలుగేళ్ళుగా మాంటిస్సోరి క్లాసులో పని చేస్తున్నా, రెండున్నర నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలతో. మాంటిస్సోరి అంటే డాక్టర్ మరియా మాంటిస్సోరి మొదలుపెట్టిన పద్ధతి, పిల్లలు తమ పని తామే ఎంచుకుని, సామాను చేతులతో పట్టుకుని చేస్తూ నేర్చుకుంటారు. అందరికీ ఒకటే చెప్తా, క్లాసు జరుగుతున్నప్పుడు వెళ్ళి ఒక మూల అరగంట కూర్చుని పిల్లల్ని చూడండి, ఫీజు సంగతి ఆ తర్వాత. అయితే ఏం చూడాలో తెలియాలంటే ముందు కొన్ని అపోహలు పోవాలి కదా, అందుకే ఇదంతా రాస్తున్నా.

అపోహ: బోర్డు మీద మాంటిస్సోరి అని ఉంటే అది మాంటిస్సోరి స్కూలే

ఈ ఒక్కటి అర్థమైతే సగం పని అయిపోయినట్టే. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చండి. అమెరికాలో 1967లోనే ట్రేడ్‌మార్క్ బోర్డు అది అందరూ వాడుకునే మామూలు పదం అని తేల్చేసింది, అక్కడున్న మన తెలుగు వాళ్ళు కూడా ఇది గుర్తు పెట్టుకోవాలి. మన దగ్గరైతే చెప్పక్కర్లేదు, పదో తరగతి దాకా మామూలుగా బెంచీలేసి చెప్పే స్కూళ్ళకి కూడా మాంటిస్సోరి అని పేరుంటుంది. అవి చెడ్డవని కాదు, కానీ పేరు చూసి పద్ధతి ఉందనుకుంటే కుదరదు.

నా మొదటి ఉద్యోగం అలాంటి చోటే, స్కూలు పేరు అనవసరం. మెటీరియల్, అంటే పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకునే సామాను, అంతా ఉండేది, గాజు తలుపుల బీరువాలో, తాళం వేసి. పేరెంట్స్ చూడ్డానికి వస్తున్నారంటే తీసి చాపల మీద పరిచేవాళ్ళం, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ లోపలికి. మిగతా రోజంతా మూడేళ్ళ పిల్లలు కూర్చుని నాలుగు గీతల పుస్తకంలో పేజీలు పేజీలు ఏ బీ సీ డీ రాసేవాళ్ళు. ఒకదాని మీద ఒకటి పేర్చే గులాబి రంగు ఘనాలు, పింక్ టవర్ అంటాం, దాని వైపు వేలు చూపించి "అక్కా అది కావాలి" అని అడిగిన ఒక పాప మొహం నాకు ఇంకా గుర్తుంది, ఇవ్వలేకపోయాను. తర్వాతి సంవత్సరమే మానేసి ట్రైనింగ్‌లో చేరాను.

కాబట్టి మొదట అడగాల్సింది టీచర్ ట్రైనింగ్ గురించి. మీ పిల్లల్ని రోజూ చూసే మనిషి గురించి అడగండి, ఓనర్ గురించి కాదు. డాక్టర్ మాంటిస్సోరి 1929లో పెట్టిన అసోసియేషన్ మాంటిస్సోరి ఇంటర్నేషనల్, దాన్నే ఏఎంఐ అంటాం, ఆ డిప్లొమా అయితే మామూలుగా దాదాపు ఒక విద్యా సంవత్సరం చదవాలి, ప్రతి మెటీరియల్‌నీ పిల్లలకి ఎలా చూపించాలో ఆల్బమ్‌లో, అంటే సొంత నోట్సు పుస్తకంలో, రాసుకోవాలి, క్లాసుల్లో కూర్చుని గంటలు గంటలు పిల్లల్ని గమనించాలి. ఇంకా మంచి ట్రైనింగ్‌లు ఉన్నాయి, ఏఎంఐ ఒక్కటే అనను. కానీ పది రోజుల్లో ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెచ్చుకున్న వాళ్ళ చేతిలో అదే మెటీరియల్ ఆటబొమ్మ అయిపోతుంది.

రెండోది టైం టేబుల్ అడగండి. అందులో తొమ్మిదిన్నరకి రైమ్స్, పదికి ఫొనిక్స్, పదిన్నరకి డాన్స్, పదకొండుకి యోగా అని గళ్ళు గళ్ళుగా ఉంటే ఇంక అక్కడ మాంటిస్సోరి లేదు. ఈ పద్ధతికి ప్రాణం ఏంటంటే మధ్యలో ఎవరూ కదిలించని పని సమయం, పూర్తిగా అయితే మూడు గంటలు, చాలా స్కూళ్ళు రెండున్నర దాకా ఇస్తాయి. పిల్లలు వచ్చీ రాగానే మంచి పని పట్టుకోరు, అటూ ఇటూ తిరుగుతారు, చిన్న చిన్నవి చేస్తారు, ఒక గంట గడిచాక మధ్యలో కాసేపు గోల గోలగా ఉంటుంది, కొత్త టీచర్లు అక్కడే భయపడిపోయి అందర్నీ కూర్చోబెట్టి రైమ్ మొదలుపెడతారు, కానీ ఆ కాసేపు ఓపిక పడితే ఆ తర్వాతే అసలు పని మొదలవుతుంది, అప్పుడు చూడాలి వాళ్ళని, నాలుగేళ్ళ పిల్లాడు చుట్టుపక్కల ఏం జరుగుతోందో తెలియకుండా నలభై నిమిషాలు ఒకే దాని మీద ఉంటాడు. అరగంటకో బెల్లు కొడితే ఆ స్థితి ఎప్పటికీ రాదు.

మూడోది అల్మారాలు. పిల్లల ఎత్తులో, తలుపులు లేకుండా ఉండాలి. ప్రతి మెటీరియల్ ఒక్కటే సెట్ ఉండాలి, ఇది చూసి చాలామంది పేరెంట్స్ "ఇంత ఫీజు తీసుకుని ఒక్కటేనా" అంటారు, కావాలనే అలా పెడతాం, ఇంకొకళ్ళు చేస్తుంటే ఆగడం నేర్చుకోవాలి కదా. పింక్ టవర్‌లో పది ఘనాలు ఉంటాయి, పెద్దది పది సెంటీమీటర్లు, చిన్నది ఒక్క సెంటీమీటర్. ఆ చిన్నది ఉందా లేదా చూడండి. అది పోతే టవర్ పూర్తవ్వదు, పిల్లల పని సగంలో ఆగుతుంది, ఆ చిన్న ముక్కని పట్టించుకునే స్కూల్ మిగతావి కూడా పట్టించుకుంటుంది, ఇది నా అనుభవం. అంచులు కాస్త అరిగి ఉన్నాయా, సంతోషించండి, పిల్లలు వాడుతున్నారని అర్థం.

అపోహ: అక్కడ పిల్లలు ఇష్టం వచ్చినట్టు చేస్తారు, క్రమశిక్షణ ఉండదు

పిల్లలు ఎంచుకునే మాట నిజం. కానీ తను తెచ్చుకున్న పని పూర్తి చేసి, తీసిన చోటే మళ్ళీ పెట్టాలి. పక్కవాడి చాప తొక్కకూడదు, అడగకుండా వాడి పని ముట్టుకోకూడదు, కావాలంటే పక్కన కూర్చుని చూడొచ్చు. ఎలా చెయ్యాలో టీచర్ ఇంకా చూపించని మెటీరియల్ తీసుకోకూడదు. ఈ హద్దులు లేకపోతే అది మాంటిస్సోరి కాదు, అల్లరి. మీరు కూర్చున్న అరగంటలో ఎవరో ఒకరు నీళ్ళు ఒలకబోస్తారు, కచ్చితంగా. అప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ఆయా పరిగెత్తుకొచ్చి తుడిచేస్తే ఒక సంగతి, టీచర్ గట్టిగా అరిస్తే ఇంకో సంగతి, పిల్లే లేచి వెళ్ళి తన చేతికి సరిపోయే చిన్న గుడ్డ తెచ్చుకుని తుడిచి, పిండి, ఆరేసి వస్తే, ఆ స్కూల్ గురించి ఇంకేం అడగక్కర్లేదు నన్ను.

అపోహ: రాయడం, చదవడం రాదు, ఒకటో తరగతిలో వెనకబడతారు

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ దీని గురించే, ముఖ్యంగా నానమ్మలు, అమ్మమ్మల నుంచి. "బాసర తీసుకెళ్ళి అక్షరాభ్యాసం చేయించాం, ఇంతవరకు పలక మీద అ కూడా దిద్దించట్లేదు" అని ఒక నానమ్మగారు నిజంగా బాధపడుతూ స్కూల్‌కి వచ్చారు. నేను ఆవిడని అల్మారా దగ్గరికి తీసుకెళ్ళి సిలిండర్ బ్లాకులు చూపించాను. ఆ చెక్కలో పది సిలిండర్లు ఉంటాయి, ప్రతి దానికీ పైన చిన్న పిడి. ఆ పిడి పట్టుకోవాలంటే మూడు వేళ్ళు కావాలి, బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు. బలపం పట్టుకునేది కూడా ఆ మూడు వేళ్ళతోనే. ఆవిడ మనవడు రెండు నెలలుగా రోజూ ఆ పిడులే పట్టుకుంటున్నాడు, అంటే రాతకి చెయ్యి తయారవుతోంది, పెన్సిల్ ఇవ్వకుండానే.

ఆ తర్వాత గరుకు అక్షరాలు. ఇసుక కాగితంతో కత్తిరించి చెక్క మీద అంటించిన అక్షరాలు ఇవి, చూపుడు వేలు మధ్య వేలు కలిపి, రాసే దిశలోనే తడుముతూ శబ్దం పలుకుతారు. కళ్ళు చూస్తాయి, చెవి వింటుంది, చెయ్యి గుర్తు పెట్టుకుంటుంది. మన తెలుగుకి ఇది ఎంత బాగా కుదురుతుందో, ఎందుకంటే మన దగ్గర అక్షరం పేరూ శబ్దమూ ఒకటే, ఇంగ్లీషులో లాగా పేరు ఒకటి, పలికేది ఇంకొకటి కాదు. ప, వ, మ, య లాంటివి కంటికి కలిసిపోతాయి కానీ వేలికి తేడా తెలుస్తుంది. అందుకని స్కూల్‌కి వెళ్తే తప్పకుండా అడగండి, తెలుగు గరుకు అక్షరాలు ఉన్నాయా అని. చాలా చోట్ల ఇంగ్లీషువి మాత్రమే ఉంటాయి, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకి తను మాట్లాడే భాషలో రాత దొరక్కపోతే అది పెద్ద లోటే అంటాను నేను.

లెక్కలు ఇంకా ముచ్చటగా ఉంటాయి. బంగారు పూసలని ఉంటాయి, ఒకటికి ఒక పూస, పదికి ఒక కడ్డీ, వందకి ఒక పలక, వెయ్యికి ఒక ఘనం. నాలుగున్నర, ఐదేళ్ళ పిల్లలు ట్రేలో రెండు వేల మూడు వందల నలభై ఐదు తెచ్చి, ఇంకొకళ్ళు తెచ్చిన దానితో కలిపి, ఒకట్లు పది అవ్వగానే బ్యాంకుకి, అంటే క్లాసులో పూసలన్నీ పెట్టిన చోటుకి, వెళ్ళి ఇచ్చేసి ఒక పదుల కడ్డీ తెచ్చుకుంటారు. ఘనం చేతిలోకి తీసుకుంటే దాని బరువు తెలుస్తుంది, వెయ్యి అంటే ఎంతో ఒంటికి తెలుస్తుంది. సున్నా కూడా అంతే, అంకెకో గడి ఉండి, ఆ గడిలో అన్ని కదురు పుల్లలు లెక్క పెట్టి వేసే కదురుల పెట్టెలో సున్నా గడిలో ఏమీ వెయ్యం, ఖాళీగా వదిలేస్తాం, ఆ ఖాళీ గడి చూసి మూడున్నరేళ్ళ వాళ్ళు నవ్వుతారు, ఏమీ లేదు అని.

నోటు పుస్తకాలు నిండవు, హోంవర్క్ ఉండదు, అందువల్ల మీకు కనిపించట్లేదు అంతే.

అపోహ: పెద్ద పిల్లలతో కలిపి కూర్చోబెడితే చిన్నవాళ్ళు దెబ్బలు తింటారు, పెద్దవాళ్ళు వెనకబడతారు

మూడు, నాలుగు, ఐదేళ్ళ వాళ్ళు ఒకే గదిలో ఉండాలి, విడగొట్టేస్తే పద్ధతి సగం పోయినట్టే. మన ఉమ్మడి కుటుంబాల్లో పెరిగిన వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం టీచర్ కంటే ఐదేళ్ళ అక్క బాగా నేర్పుతుంది, నేర్పుతూ తనూ గట్టి పడుతుంది.

దీనికి తోడు ఇంకో అపోహ ఉంది, పది మంది పిల్లలకి ఒక టీచర్ ఉంటేనే మంచిదని. మాంటిస్సోరిలో ఇరవై ఐదు, ముప్పై మందికి ఒక ట్రైనింగ్ ఉన్న టీచర్, ఒక సహాయకురాలు ఉండటం మామూలే. గదిలో టీచర్లు ఎక్కువైతే పిల్లలు ప్రతి దానికీ మా వైపే చూస్తారు, ఒకళ్ళనొకళ్ళు అడగడం మానేస్తారు. అయితే గది సరిపడా ఉండాలి, బాత్రూంలు పిల్లల ఎత్తులో శుభ్రంగా ఉండాలి, సహాయకురాలు నిజంగా క్లాసులో ఉండాలి, అది చూసుకోండి.

అపోహ: రెండేళ్ళు చాలు, ఎల్‌కేజీకో యూకేజీకో పెద్ద స్కూల్లో వేసేద్దాం

దీని గురించి కొంచెం గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. మూడో సంవత్సరంలోనే పంట చేతికొచ్చేది. మొదటి రెండేళ్ళు చేతులతో చేసిందంతా, సిలిండర్లు, గరుకు అక్షరాలు, కడ్డీలు, అన్నీ ఐదేళ్ళు దాటాక ఒక్కసారిగా చదవడంగా, రాయడంగా, లెక్కలుగా బయటికొస్తాయి. పైగా అప్పటిదాకా చిన్నగా ఉన్న పిల్ల ఆ ఏడాది క్లాసులో పెద్దక్క అవుతుంది. పెద్ద స్కూల్లో సీటు మళ్ళీ దొరకదేమో అనే భయం నాకు తెలుసు, తల్లిగా నేనూ పడ్డాను. కానీ 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఆరేళ్ళ దాకా మూడేళ్ళు బడికి ముందు చదువు, ఆరేళ్ళకి ఒకటో తరగతి అనే చెప్తోంది. ఈ మూడేళ్ళూ ఉంచలేం అని ముందే తెలిస్తే, నిజాయితీగా చెప్తున్నా, చేర్పించే ముందు ఇంకోసారి ఆలోచించండి.

అపోహ: ఇది డబ్బున్న వాళ్ళ చదువు

ఇప్పుడు మన సిటీల్లో ఫీజులు చూస్తే అలా అనిపించడంలో తప్పు లేదు, కానీ పుట్టింది అలా కాదు. 1907 జనవరి 6న రోమ్‌లో శాన్ లోరెంజో అనే పేదల పేటలో, పనికి పోయే తల్లిదండ్రుల పిల్లల కోసం డాక్టర్ మరియా మాంటిస్సోరి మొదటి గది తెరిచారు. మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టి గుజరాతీలోనే నడిపారు. ఆయనతో పని చేసిన తారాబాయి మోదక్ తర్వాత మహారాష్ట్రలో ఆదివాసీ పిల్లల దగ్గరికి వెళ్ళి, ఆ చుట్టుపక్కల దొరికే రాళ్ళు, గింజలు, ఆకులతోనే చెప్పారు. మాంటిస్సోరి గారే 1939లో మద్రాసు వచ్చి అడయార్‌లో టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చారు, యుద్ధం వల్ల 1946 దాకా ఇక్కడే ఉండిపోయారు, కొడైకెనాల్‌లో కూడా కొంతకాలం పని చేశారు. అంటే ఇది మన నేల మీద కూడా పెరిగిన పద్ధతి. ఖర్చు తగ్గించి ప్రభుత్వ బడుల్లోకి, అంగన్‌వాడీల్లోకి దీన్ని తేవాలని నా కోరిక, అది ఇంకోసారి రాస్తాను.

అపోహ: ఇంట్లో కూడా మెటీరియల్ కొనాలి

వద్దు. పింక్ టవర్ ఆన్‌లైన్‌లో కొని సోఫా పక్కన పెడితే రెండు రోజుల్లో ముక్కలు మంచం కిందకి పోతాయి, స్కూల్లో దాని మీద ఇష్టం కూడా తగ్గుతుంది. ఇంట్లో ఉన్నవే చాలు. చిక్కుడుకాయలు వలవనివ్వండి, చిన్న స్టీల్ చెంబుతో గ్లాసులోకి నీళ్ళు పోసుకోనివ్వండి, చెప్పులు జతలుగా సర్దనివ్వండి, ఉతికిన చేతిరుమాళ్ళు మడత పెట్టనివ్వండి, టవల్ తగిలించుకునే కొక్కెం వాళ్ళ ఎత్తులో కొట్టండి. మరీ ముఖ్యంగా ఫోన్ చూపిస్తూ ముద్దలు పెట్టడం ఆపండి. ఉదయమంతా తన డబ్బా తనే విప్పుకుని తిన్న పిల్ల ఇంటికెళ్ళాక నోరు తెరుచుకుని కూర్చుంటే, మర్నాడు మా దగ్గర మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది.

చివరిగా ఎప్పుడు వెళ్ళాలో చెప్తా. జూన్, జులైలో ఏ క్లాసూ కుదురుకోదు, ఏడుపులే ఉంటాయి, అప్పుడు చూసి తేల్చుకోకండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో, ఉదయం పది, పదిన్నర ప్రాంతంలో వెళ్ళండి, పిల్లని తీసుకెళ్ళకుండా వెళ్ళండి, మాట్లాడకుండా కూర్చోండి. ముందే చెప్పి రమ్మంటే సరే, అది న్యాయమే, కానీ అసలు క్లాసు చూపించం, ఫోటోలు చూడండి, సీసీ కెమెరా యాప్ ఇస్తాం అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మీ ఊళ్ళో ఇలాంటిది ఒక్కటీ లేకపోతే కూడా కంగారు పడొద్దు. అరవని టీచర్, ఆడుకోవడానికి మట్టి నేల, రోజూ కథ చెప్పే మనిషి, మూడేళ్ళకే పెన్సిల్ చేతిలో పెట్టని మామూలు బడి దొరికితే, పేరుకి మాత్రమే మాంటిస్సోరి అయిన దానికి లక్ష కట్టడం కంటే అక్కడ వెయ్యండి. పోయినేడు మా పిన్ని మనవరాలికి నేను అదే చెప్పాను, వాళ్ళ వీధి చివర బడిలోనే వేశారు, వేపచెట్టు కింద చింతగింజలు లెక్క పెట్టిస్తున్నారట.