ఒక్కడి దాడికి ఏ పేరు పెట్టాలి?

2024 మార్చి 1, శుక్రవారం మధ్యాహ్నం బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లోని రామేశ్వరం కెఫేలో బాంబు పేలింది. సీసీటీవీలో కనిపించింది ఒక్కడే. తలమీద టోపీ, ముఖానికి మాస్కు, భుజానికి సంచి. రవ్వ ఇడ్లీకి కూపన్ తీసుకున్నాడు, సంచి అక్కడే వదిలి వెళ్లిపోయాడు. తొమ్మిది మంది గాయపడ్డారు, ప్రాణాలు మాత్రం పోలేదు. కుందలహళ్లి, బ్రూక్‌ఫీల్డ్, మారతహళ్లి అంటే పీజీల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ తెలుగు వినిపించే చోటు. కబురు తెలిసీ తెలియగానే గుంటూరు నుంచీ కర్నూలు నుంచీ అమ్మానాన్నల ఫోన్లు మొదలయ్యాయి. వాట్సాప్ గ్రూపుల్లో దాడి చేసినవాడి మతం, ఊరు అప్పటికే తేలిపోయాయి.

పెద్దవాళ్లూ ఆగలేదు. తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు బాంబు పెట్టారని కేంద్ర మంత్రి శోభా కరంద్లాజే అన్నారు. ఆమె మీద తమిళనాడులో కేసు పెట్టారు, తర్వాత ఆమె క్షమాపణ చెప్పారు. ఏప్రిల్ 12న జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) పశ్చిమ బెంగాల్‌లో అరెస్టు చేసిన ఇద్దరు ప్రధాన నిందితులదీ కర్ణాటకలోని తీర్థహళ్లి. సెప్టెంబరులో వేసిన చార్జిషీటులో నిందితులు నలుగురు. కెమెరాలో ఒంటరిగా కనిపించినవాడు దర్యాప్తులో ఒంటరివాడు కాకపోయాడు.

అదే నిజంగా ఒక్కడే ఉండి ఉంటే? వెనక సంస్థ లేకుండా, డబ్బు పంపినవాడు లేకుండా, తన గదిలో తానే తయారు చేసుకున్న బాంబుతో వచ్చి ఉంటే దాన్ని ఉగ్రవాదం అనాలా, హత్యాయత్నం అనాలా? ఈ ప్రశ్నకు మన దగ్గర చాలా పాత చరిత్ర ఉంది. అందులో పెద్ద భాగం మద్రాసు చుట్టూనే నడిచింది.

1911 జూన్ 17న మణియాచ్చి రైల్వే జంక్షన్‌లో వాంచినాథన్ తిరునెల్వేలి కలెక్టరు ఆష్‌ను కాల్చి, తనను తాను కాల్చుకున్నాడు. కాల్చిన చెయ్యి ఒక్కటే. కానీ ప్రభుత్వం అక్కడితో ఊరుకోలేదు. ఆ చెయ్యి వెనక ఉన్న రహస్య సంఘాన్ని వెతికి, నీలకంఠ బ్రహ్మచారి సహా 14 మందిని మద్రాసు హైకోర్టులో విచారించింది. తెల్లదొరల రికార్డుల్లో అది అరాచకవాద నేరం, మనకు వాంచినాథన్ దేశభక్తుడు. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది అప్పట్నుంచీ ఈ విషయాన్ని వదల్లేదు.

స్వతంత్ర భారతంలో ఈ నేరానికి ప్రత్యేక చట్టం 1985లో వచ్చిన టాడా. పంజాబ్ కోసం తెచ్చి, 1987లో మళ్లీ రాసి, దేశమంతటా వాడారు. 1994లో హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ఉగ్రవాది ప్రతివాడూ నేరస్థుడు కావచ్చు గానీ ప్రతి నేరస్థుడికీ ఉగ్రవాది అనే ముద్ర వేయకూడదని చెప్పింది. చచ్చినవాళ్ల లెక్కతో ఈ గీత తేలదని తెలుగువాళ్లకు బాగా తెలియాలి. 1993 మార్చిలో చిలకలూరిపేట దగ్గర ఇద్దరు కుర్రాళ్లు దోపిడీ కోసం బస్సుకు నిప్పు పెడితే 23 మంది కాలిపోయారు. రాష్ట్రమంతా వణికింది. అయినా ఆ ఇద్దరు కుర్రాళ్లకు పడింది హత్యానేరం కింద ఉరిశిక్ష. 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు.

ఇంతకన్నా పెద్ద పరీక్ష రాజీవ్ గాంధీ హత్య కేసు. 1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరు సభలో నడుముకు బాంబు కట్టుకున్న ఒక యువతి ఆయన కాళ్లకు దండం పెట్టబోతూ పేల్చుకుంది. దాని వెనక శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ ఉంది. ప్రపంచంలో ఎవరిని అడిగినా ఇది ఉగ్రవాదమనే అంటారు. చెన్నై శివార్లలోని పూందమల్లి టాడా కోర్టు 1998 జనవరిలో 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999 మే 11న సుప్రీంకోర్టు నలుగురి ఉరిని ఖాయం చేసి, ముగ్గురికి యావజ్జీవం వేసి, 19 మందిని వదిలేసింది. టాడా నేరం మాత్రం నిలవదంది. కుట్ర లక్ష్యం రాజీవ్‌ను చంపడమే, ప్రభుత్వాన్ని లొంగదీయాలనో జనాన్ని భయభ్రాంతుల్ని చేయాలనో కుట్ర చేసినట్టు రుజువు కాలేదని కోర్టు తేల్చింది. దేశ మాజీ ప్రధానిని, ఒక సాయుధ సంస్థ, మానవబాంబుతో చంపితే కూడా అది చట్టం దృష్టిలో హత్యే.

ఆ తీర్పు చాలామందికి మింగుడు పడలేదు. నాకైతే అది మన న్యాయచరిత్రలో నిబ్బరంగా రాసిన తీర్పుల్లో ఒకటి. చంపినవాడు ఒక్కడా పదిమందా, చచ్చినవాడు ఎంత గొప్పవాడు అన్నది పక్కనపెట్టి, ఎందుకు చంపారన్నదొక్కటే అడిగింది. కానీ అందులోనే ఒక లోపం ఉండిపోయింది. టాడా కింద పోలీసు అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు, మామూలు చట్టంలో అది కుదరదు. టాడా నేరం పోయినా ఆ వాంగ్మూలాలు మాత్రం చెల్లుతాయని కోర్టు అంది. పేరు పోయింది, పేరుతో వచ్చిన ఆయుధం నిలిచింది. ఆ కేసులో శిక్షపడిన పేరరివాళన్‌ను 19 ఏళ్ల వయసులో అరెస్టు చేశారు. బాంబులో వాడిన రెండు బ్యాటరీలు కొనిచ్చాడన్నది ఆరోపణ. అవి దేనికో తనకు తెలియదని అతను చెప్పిన మాటను వాంగ్మూలంలో రాయలేదని, దాన్ని నమోదు చేసిన అధికారే 2013లో ఒప్పుకున్నాడు. అతను విడుదలైంది 2022 మే 18న. ఉగ్రవాదం అన్న మాటకు ఉన్న బరువు ఇది. అది తిట్టు మాత్రమే అయితే ఎవరైనా ఎన్నిసార్లయినా అనుకోవచ్చు.

టాడా 1995లో పోయింది. 2002లో అలాంటిదే పోటా అనే చట్టం వచ్చింది, ఆ ఏడే ఒక ప్రసంగానికి తమిళనాడు నేత వైగోను దాని కింద జైల్లో పెట్టారు. 2004లో అదీ పోయి, దాని భాగాలు చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (యూఏపీఏ)లోకి వచ్చాయి. అసలు మలుపు ముంబయి దాడుల తర్వాత 2008లో చేసిన సవరణ. అంతకుముందు ఉగ్రవాద చర్య అంటే భయం పుట్టించాలన్న ఉద్దేశం ఉండాలి. సవరణతో భయం పుట్టించే అవకాశం ఉన్నా చాలు అయింది. ఒంటరి దాడుల విషయంలో ఈ చిన్న చేర్పే చాలా కీలకం. బస్టాండులో బాంబు పెట్టినవాడు పిచ్చివాడైనా, పగబట్టిన మొగుడైనా, జనానికి భయం పుడుతుంది. 1999లో సుప్రీంకోర్టు అడిగిన ప్రశ్న అడగాల్సిన అవసరమే లేకుండా పోతుంది. బెయిలు కూడా దాదాపు దొరకదు. ఆరోపణ పైకి నిజమనిపిస్తే బెయిలు ఇవ్వరాదని చట్టంలోనే ఉంది. చార్జిషీటుకు 180 రోజుల వరకు గడువు. 2019 సవరణతో ఏ సంస్థలోనూ లేని వ్యక్తిని కూడా ప్రభుత్వం ఉగ్రవాదిగా ప్రకటించవచ్చు.

ఒంటరిగా చేసింది కాబట్టి రాజకీయం కాదనుకోవడమూ తప్పే. అమెరికాలో తెల్లజాతి దురహంకార ముఠాలు సభ్యులు పట్టుబడకుండా ఉండేందుకు, నాయకుడు లేకుండా ఎవరికి వారే దాడి చేయమని కావాలనే నేర్పాయి. నార్వేలో 2011 జూలై 22న బ్రైవిక్ ఒక్కడే 77 మందిని చంపాడు. మొదటి మానసిక వైద్య నివేదిక అతనికి మతి లేదంది. కోర్టు మతి ఉందని తేల్చి, ఉగ్రవాద నేరం కిందే శిక్షించింది. 2019 మార్చిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో ఒక్కడి కాల్పులకు 51 మంది చనిపోయారు, వారిలో మన తెలంగాణవాళ్లూ ఉన్నారు. దాన్ని ప్రధాని ఆర్డర్న్ అదే రోజు ఉగ్రవాదమన్నారు, 2020లో కోర్టూ అదే అంది. మరి 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేత్ బారులో, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు హైదరాబాద్ ఇంజినీరును కాల్చి చంపితే, అది హత్య, ద్వేషనేరం అయింది. అమెరికాలో స్వదేశీ ఉగ్రవాదానికి నిర్వచనం ఉంది గానీ విడిగా శిక్షాసెక్షన్ లేదు. ఆ తేడా మన ఇళ్లలో ఇప్పటికీ మానలేదు. హంతకుడి రంగు వేరైతే ఇదే పేరు పెట్టేవారా అని ఆ రోజుల్లో తెలుగువాళ్లు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. అదే ప్రశ్న మన ఊళ్లో మనల్నీ అడుగుతారు.

దక్షిణాదిలో దీనికి అసలైన ఉదాహరణ కళమశ్శేరి. 2023 అక్టోబరు 29న కేరళలో యెహోవా సాక్షుల ప్రార్థన సమావేశంలో బాంబులు పేలి చివరికి ఎనిమిది మంది చనిపోయారు. తొలి గంటల్లో టీవీలూ ఫోన్లూ ఎటు వేలు చూపించాయో చెప్పనక్కర్లేదు. ఆ మధ్యాహ్నానికే అదే సంఘంలో ఒకప్పుడు సభ్యుడైన వ్యక్తి తానే చేశానని వీడియో పెట్టి, పోలీసు స్టేషనుకు వెళ్లి లొంగిపోయాడు. ఆ సంఘం బోధనలు నచ్చక చేశానన్నాడు. పోలీసులు మొదట యూఏపీఏ పెట్టారు. ఆ చట్టం కింద కేసు నడపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, కేరళ ప్రభుత్వం ఇవ్వలేదు. అది సరైన నిర్ణయమా? నా ఉద్దేశంలో వాదించడానికి చోటుంది. ఒక మతసంఘాన్ని దాని విశ్వాసాల కోసం భయపెట్టాలని బాంబు పెడితే ఉగ్రవాదానికి చాలా దగ్గరే. కానీ ఆ ప్రశ్నను ఎవరో ఒకరు కాగితాలు ముందు పెట్టుకుని ఆలోచించారు, మామూలు చట్టంలో ఉరిదాకా వెళ్లగల సెక్షన్లు ఉండనే ఉన్నాయి.

2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 113వ సెక్షన్‌లో ఉగ్రవాద చర్య మామూలు శిక్షాస్మృతిలోకే వచ్చేసింది. భయం పుట్టించే అవకాశం అన్న మాట అందులోనూ ఉంది. కేసు ఈ సెక్షన్ కింద పెట్టాలా, యూఏపీఏ కింద పెట్టాలా అన్నది ఎస్పీ హోదాకు తగ్గని పోలీసు అధికారి నిర్ణయిస్తాడు. కళమశ్శేరిలో అడ్డుపడిన అనుమతి లాంటిది ఈ సెక్షన్‌లో లేదు. దాడి చేసినవాడి ఉద్దేశం ఏమిటో, దానికి ఆధారాలేమిటో ఆ అధికారి రాతపూర్వకంగా మెజిస్ట్రేటు ముందు పెట్టాలన్న నిబంధన వెంటనే చేర్చాలి.