అపోహలు – వాస్తవాలు: పాత కార్లలో బాడీ నట్లు

"నట్టే కదా అన్నా, ఒక టాకా (చిన్న వెల్డ్ చుక్క) వేసి ఇచ్చెయ్." పాత అంబాసిడరో పద్మినో తెచ్చిన వాళ్లలో చాలామంది అనే మాట ఇదే.

అపోహ: బోల్టుతో పాటు రేకు లోపల అతికించిన నట్టు కూడా తిరుగుతోందంటే నట్టు పోయింది, వెల్డ్ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: చాలాసార్లు పోయేది నట్టు కాదు, దాన్ని పట్టుకున్న రేకు. ఈ రెండు బళ్లకీ విడిగా ఛాసిస్ (కింది ఫ్రేము) ఉండదు, బాడీయే ఛాసిస్. వెనక కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మీద పడే బరువంతా మోసేది ఆ రేకే. రేకుతో మూసిన బాక్సులాంటి భాగం లోపల నీళ్లూ మట్టీ చేరి, రేకు లోపలి నుంచే పొరలు పొరలుగా లేస్తుంది. పైన పెయింటు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. అలాంటి రేకు మీద టాకా వేస్తే పట్టదు, చిల్లు పడుతుంది. ఆ చిల్లు మీద ఇంకో టాకా, దాని మీద లప్పం. ఎంతమంది డబ్బులు ఇలాగే పోయాయో!

పోయినేడాది ఒక రిటైర్డ్ మాస్టారు వాళ్ల నాన్నగారి పద్మిని తెచ్చారు. కమాను ముందు బ్రాకెట్ పక్కన స్క్రూడ్రైవర్ మొనతో నొక్కాను. రేకు అప్పడంలా విరిగి, ఎర్రపొడి నా అరచేతిలో రాలింది. మూడేళ్ల కింద వేరేచోట డబ్బు పెట్టి బాగు చేయించిన చోటే అది. "బండి ఇక పనికిరాదా బాబూ?" అన్నారు, గొంతు వణికింది. పనికొస్తుంది మాస్టారూ, టెన్షన్ పడకండి అన్నాను. బాడీ కుంగకుండా కింద ఆధారాలు పెట్టి, కొలతలు రాసుకుని, మంచి రేకు తగిలేదాకా కోశాం. 3 మి.మీ. ప్లేటుకి కొత్త నట్టు వెల్డ్ చేసి, బ్రాకెట్ బోల్టుతో బిగించి చూసి, రంధ్రాలు సరిగ్గా కూర్చున్నాకే ప్లేటు అతికించాం. నాలుగు రోజుల పని. అంతకంటే తొందరగా అవదు.

అపోహ: 8 మి.మీ. బోల్టు ఎక్కడైనా పడుతుంది.

వాస్తవం: పాత అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు నుంచి వచ్చింది, దానిలోవి ఇంచి మరలు. ఫియట్ నుంచి వచ్చిన పద్మినిలోవి మెట్రిక్, అంటే మిల్లీమీటరు మరలు. 5/16 యూఎన్ఎఫ్ (సన్న మరల ఇంచి కొలత) బోల్టు అంటే 7.94 మి.మీ. లావు. అందుకే 8 మి.మీ. బోల్టు ఒకటి రెండు చుట్లు ఎక్కినట్టే ఉంటుంది. మరకీ మరకీ మధ్య దూరం వేరు కాబట్టి ఆ తర్వాత పట్టేస్తుంది. తుప్పనుకుని పానాకి పైపు తొడుగుతారు, లోపల నట్టుని పట్టుకున్న కేజ్ చీలిపోతుంది. చేత్తో తిరగని బోల్టుని దయచేసి బలవంతం చేయొద్దు.

జింకు పూత ఉన్న నట్టుని అలాగే వెల్డ్ చేయొద్దు, ఆ తెల్ల పొగకి జ్వరం వస్తుంది. పూత రుద్దేయండి. రివ్‌నట్లు (రివెట్‌లా రేకుకి నొక్కి బిగించే నట్లు) నంబర్ ప్లేటుకి బాగుంటాయి, కమానుకీ సీటు బెల్టుకీ వద్దు.

సీటు బెల్టు బోల్టు మెట్రిక్ కార్లలో కూడా మామూలుగా 7/16 యూఎన్ఎఫ్. పాత బండికి ఎవరైనా బెల్టులు వేసి ఉంటే, కార్పెట్ ఎత్తి, బండి కింద నుంచి కూడా చూడండి. ఉత్త వాషర్ మాత్రమే కనిపిస్తే, ఆ సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టకముందే ప్లేటు వేయించండి.