ఆలయం కూలిన తర్వాత బలి ఏమైంది?

క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యూదుల యెరూషలేము ఆలయాన్ని నేలమట్టం చేసింది. అంతవరకు అక్కడ రోజూ ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున గొర్రెపిల్లలను దహనబలిగా అర్పించేవారు. దేవుడు ఎంచుకున్న ఆ ఒక్క చోటే బలి ఇవ్వాలన్నది వారి ధర్మశాస్త్రంలోని ద్వితీయోపదేశకాండపు శాసనం. ఇక పాపాలకు ప్రాయశ్చిత్తం ఎలా?

శిథిలాలను చూసి రబ్బీ (యూదు మతగురువు) యెహోషువ ఏడ్చాడని, గురువు యోహానాన్ బెన్ జక్కాయి ఆయనను ఓదార్చాడని సంప్రదాయం చెబుతుంది: "బాధపడకు నాయనా, దానికి సాటి వచ్చే ప్రాయశ్చిత్తం మనకు ఉంది. అదే దయతో చేసే పని." బలిని కాదు, కనికరాన్నే కోరుతున్నానన్న హోషేయ ప్రవచనమే ఆయనకు ఆధారం. అయినా చర్చ అక్కడితో ముగియలేదు. ఆలయం లేకపోయినా బలులు అర్పించవచ్చని విన్నానని యూదుల తొలి ధర్మసంకలనమైన మిష్నాలో చెప్పింది ఆ యెహోషువే! రోజువారీ ప్రార్థనలు నిత్యబలులకు బదులుగా ఏర్పడ్డాయని, మిష్నాపై చర్చల సంకలనమైన తాల్ముద్‌లో ఒకరంటే, అవి అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల నుంచి వచ్చినవని మరొకరు అన్నారు.

అసలు దేవుడు బలి ఎందుకు కోరాడు? నా దృష్టిలో ఈ చరిత్రకు గుండెకాయ ఈ ప్రశ్నే. 12వ శతాబ్దంలో యూదు తత్వవేత్త మైమోనిడీస్ తెగించి జవాబిచ్చాడు. చుట్టూ ఉన్న జాతులన్నీ విగ్రహాలను బలులతోనే పూజించే కాలంలో, ఆ అలవాటును ఒక్కసారిగా మానమంటే జనం మానలేరు. అందుకే దేవుడు దాన్ని తనవైపు తిప్పుకుని, ఒక్క చోటికి పరిమితం చేశాడన్నాడు. ఈ రోజు ఒక ప్రవక్త వచ్చి ప్రార్థన, ఉపవాసం మానేసి మనసులోనే ధ్యానించండంటే మనకు ఎలా ఉంటుందో, నాటివారికి బలి మానమనడం అలాగే ఉండేదని వివరించాడు.

13వ శతాబ్దంలో మరో యూదు పండితుడు నహ్మనిడీస్ దీన్ని గట్టిగా ఖండించాడు. నోవహు బలి అర్పించిన నాటికి లోకంలో విగ్రహారాధకులే లేరు కదా అని నిలదీశాడు. పాపి బలిపశువు మీద చేతులుంచి పాపం ఒప్పుకుంటాడు. చిందవలసిన రక్తం తనదేనని అప్పుడు గ్రహిస్తాడు. బలికి అర్థం అదేనన్నాడు. ఈ వాదనను తేలిగ్గా తోసిపుచ్చలేం. పైగా మైమోనిడీస్ సైతం తన ధర్మశాస్త్ర గ్రంథంలో, యూదులు ఎదురుచూసే రక్షకుడు మెస్సీయ వచ్చాక బలులు తిరిగి మొదలవుతాయనే రాశాడు.

19వ శతాబ్దంలో రబ్బీ కాలిషర్ బలుల పునరుద్ధరణకు పూనుకుంటే, రబ్బీ అకివా ఈగర్ సమ్మతించలేదు. 1885లో పిట్స్‌బర్గ్‌లో సమావేశమైన సంస్కరణవాద రబ్బీలు బలుల పునరుద్ధరణను తాము ఆశించడం లేదని ప్రకటించారు. సనాతన యూదులు మాత్రం నేటికీ సబ్బాతు (శనివారపు విశ్రాంతి దినం), పండుగల అదనపు ప్రార్థనలో ఆ బలులు తిరిగి రావాలని వేడుకుంటారు.