"పాలు చాలట్లేదు మేడమ్!" - చంటిబిడ్డ తొలి ఆరు నెలలు, అపోహలు, వాస్తవాలు

ఆమధ్య ఒక సోమవారం, ఒక్కరోజే ఓపీలో ఈ మాట ఐదుసార్లు విన్నాను. ఐదుసార్లలో ఒక్కసారి కూడా తల్లి అనలేదు. ఇద్దరు అమ్మమ్మలు, ఒక నాయనమ్మ, ఒక మేనత్త, ఒక తండ్రి. తల్లేమో పక్కన కుర్చీలో తల వంచుకుని కూర్చుంటుంది, తానేదో తప్పు చేసినట్టు.

ఆఖర్న వచ్చిన పిల్లకి సరిగ్గా నెల. అమ్మమ్మ చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కొత్త పాలసీసా, ముందురోజే మూత తీసిన పాలపొడి డబ్బా. "ఇది పడట్లేదు డాక్టరమ్మా, కక్కేస్తోంది. వేరే డబ్బా ఏదైనా రాసివ్వండి" అంది. పిల్ల బట్టలన్నీ విప్పించి తూకం మీద పడుకోబెట్టాను. పుట్టినప్పుడు 2.8 కిలోలు. మూడో రోజు ఇంటికి పంపేటప్పుడు 2.62. పధ్నాలుగో రోజు 2.85. ఇప్పుడు 3.3. పదహారు రోజుల్లో 450 గ్రాములు, అంటే రోజుకి 28. మొదటి మూడు నెలల్లో రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరిగితే చాలు మాకు.

"పాలు చాలకపోతే ఇంత బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది పిన్నిగారూ?" అన్నాను.

"మరి ఏడుస్తోందిగా!" అందావిడ.

చిక్కంతా అక్కడే ఉంది.

అపోహ: ఏడుస్తోందంటే ఆకలే. తాగిన గంటకే మళ్లీ ఏడ్చిందంటే తల్లికి పాలు లేనట్టే.

నా ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో చంటిపిల్లలకి ఇంత నష్టం చేసిన మాట ఇంకోటి లేదు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం. మిగతావాటికి చోటుంటే చెబుతాను.

రెండో వారం దాటాక పిల్లల ఏడుపు రోజురోజుకీ పెరుగుతుంది. ఆరో వారానికి బాగా ముదురుతుంది. మూడు, నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. అదీ ఎక్కువగా సాయంత్రాలే. తల్లిపాలు తాగేవాళ్లూ ఏడుస్తారు, డబ్బాపాలు తాగేవాళ్లూ ఏడుస్తారు. దాంతోపాటు మూడో వారంలో, ఆరో వారంలో ఉన్నట్టుండి గంటకోసారి రొమ్ము అడగడం మొదలుపెడతారు. ఒకటి రెండు రోజులు అలా లాగితే తల్లి శరీరం పాలు పెంచుతుంది. అది పిల్ల ఇచ్చే ఆర్డరు.

సరిగ్గా అప్పుడే మనవాళ్లకి ఇరవై ఒకటో రోజు బారసాల వస్తుంది! ఇంటినిండా చుట్టాలు. పిల్లని చేతులు మారుస్తారు, నిద్ర చెడుతుంది, పాలకి ఆలస్యమవుతుంది, సాయంత్రానికి గుక్కపెట్టి ఏడుస్తుంది. ఎవరో ఒక పెద్దావిడ "అయ్యో, నలిగిపోయింది పిల్ల, పాలున్నాయా లేవా?" అంటుంది. ఆ రాత్రే డబ్బా ఇంట్లోకి వస్తుంది. నమ్మరుగానీ, బారసాల వెళ్లిన వారంలో నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం ఇవే.

ఇంకో సాక్ష్యం కూడా చూపిస్తారు. మొదటి వారంలో రొమ్ములు రాయిలా గట్టిపడి ఉంటాయి. నాలుగో వారానికి మెత్తబడతాయి. "ఇంకిపోయాయి" అంటారు. ఇంకిపోవడం కాదు, పిల్లకి ఎంత కావాలో శరీరానికి లెక్క తెలిసింది. పిండితే రెండు చెంచాలే వచ్చాయనీ చెబుతారు. పిండడం వేరు, పిల్ల చీకడం వేరు. రొమ్ము పరిమాణానికీ పాలకీ అసలు సంబంధమే లేదు.

సీసా పట్టాక ఏం జరుగుతుందో చూడండి. పాలపొడి మెల్లగా అరుగుతుంది, పిల్ల మూడు నాలుగు గంటలు మత్తుగా పడుకుంటుంది. "చూశావా, ఆకలే!" అంటారు. ఆ నాలుగు గంటలూ రొమ్ము ఖాళీ అవ్వదు. ఖాళీ అవ్వని రొమ్ము పాలు తగ్గిస్తుంది. మర్నాడు నిజంగానే కొంచెం తక్కువ ఉంటాయి, ఇంకో సీసా పడుతుంది. సీసా నుంచి ధార ఊరికే వస్తుంది కాబట్టి పిల్ల కూడా రొమ్ము దగ్గర చిరాకుపడుతుంది. మూడు వారాలు తిరిగేసరికి, మొదట్లో అబద్ధమైన మాట నిజమై కూర్చుంటుంది. పాలు చాలట్లేదు!

ఇదంతా పుస్తకంలో చదివి చెప్పట్లేదు. 2004లో మా పెద్దాడు పుట్టినప్పుడు నేను పిల్లల వైద్యంలో పీజీ చదువుతున్నాను. పరీక్షలో పాల హార్మోన్ల గురించి నాలుగు పేజీలు రాసినదాన్ని. పదిహేడో రోజు రాత్రి రెండింటికి వాడు ఆపకుండా ఏడుస్తుంటే, మా ఆయన్ని లేపి మెడికల్ షాపుకి పంపించాను. డబ్బా వచ్చింది. వాడు నాలుగు గంటలు పడుకున్నాడు, నేనూ పడుకున్నాను. ఆరో వారానికి రొమ్ము దగ్గరికి తీసుకుంటే మొహం తిప్పేసేవాడు. మా వార్డులో ఒక సీనియర్ నర్సు ఉండేది. నేను ఏడవడం చూసి "డాక్టరుగారూ, పుస్తకం పక్కన పెట్టి ఇలా కూర్చోండి" అంది.

ఆవిడ చూపించింది ఇంతే. బిడ్డని పూర్తిగా తన వైపు తిప్పి, పొట్టకి పొట్ట ఆనించి పట్టుకోవాలి. తల ఒక్కటే తిప్పి తాగమంటే పెద్దవాళ్లమైనా మింగలేం. చనుమొనతో పైపెదవి మీద రాస్తూ ఆగాలి. ఆవలించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగి, అప్పుడు బిడ్డని రొమ్ము దగ్గరికి తీసుకోవాలి. రొమ్మునే బిడ్డ నోట్లో కుక్కకూడదు. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగంలో ఎక్కువభాగం నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. మొదట గబగబా చీకుతుంది, తర్వాత నెమ్మదించి గుటక గుటకకీ చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వింటే పాలు దిగుతున్నట్టు. రాత్రిళ్లు పట్టడం మానొద్దు, పాలు తయారుచేసే హార్మోన్ రాత్రిపూటే ఎక్కువ ఉంటుంది. మావాడు దారికి రావడానికి పది రోజులు పట్టింది. చనుమొనలు పగిలి రక్తం కారుతున్నాయని వచ్చే తల్లుల్లో చాలామందికి పట్టు సరిచేస్తే చాలు.

మరి చాలుతున్నాయో లేదో తెలిసేదెలా? ఏడుపుతో కాదు. తడిసిన గుడ్డలతో. ఐదో రోజు దాటాక 24 గంటల్లో ఆరుసార్లు, అంతకుమించి ఉచ్చ పోస్తే పాలు అందుతున్నట్టే. డైపర్లు వేస్తే లెక్క తెలియదు, ఒక్కరోజు మెత్తటి పాత గుడ్డలు కట్టి లెక్కపెట్టండి. రెండోది తూకం. మొదటి వారంలో పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం దాకా తగ్గడం మామూలే, రెండు వారాలకి మళ్లీ అందుకోవాలి. ఐదారు నెలలకి రెట్టింపు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి తూచి కార్డులో రాస్తుంది, దాన్ని బీరువాలో దాచకుండా నాకు చూపించండి.

ఈ లెక్కలు తప్పితే మాత్రం ఆగొద్దు. ఉచ్చ తక్కువగా లేదా ముదురు పసుపు రంగులో రావడం, పాలకి కూడా లేవనంత మగత, రెండు వారాలు దాటినా పుట్టిన బరువు రాకపోవడం - వీటిలో ఏది ఉన్నా అదే రోజు రండి. థైరాయిడ్ లాంటి కారణాలతో నిజంగానే పాలు తక్కువగా ఉండే తల్లులు కొద్దిమంది ఉంటారు. వాళ్లకి నేనే పాలపొడి రాస్తాను, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాకపోతే సీసా వద్దు. మన ఉగ్గుగిన్నె చాలు. నెలలు నిండని పిల్లలకి ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) పాలు పట్టే పాలాడై అచ్చం అలాగే ఉంటుంది. ఉగ్గుగిన్నెలో ఆముదం పోసి పట్టడం మాత్రం మానండి, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా అవుతుంది.

డబ్బా మొదలుపెడితే ఖర్చుకీ సిద్ధపడాలి. ఒక ఆటో డ్రైవరు కొడుకుని నాలుగో నెలలో తెచ్చారు. పుట్టినప్పుడు 2.9, నాలుగు నెలలకి 4.3. తల్లిపాలు పూర్తిగా ఆగిపోయాయి. ఎలా కలుపుతున్నారో చేసి చూపించమన్నాను. ఆరు చెంచాలు పడాల్సిన సీసాలో ఆ అమ్మాయి రెండు వేసింది. "డబ్బా నాలుగు రోజులకే అయిపోతోంది మేడమ్" అని తలెత్తకుండానే చెప్పింది. ఏమని తిడతాం? వాళ్లకి ఆ డబ్బా మొదట రాసిచ్చింది ఎవరో మా డాక్టరే. పాలపొడికీ, పాలసీసాలకీ మన దేశంలో ప్రకటనలు ఇవ్వకూడదు, శాంపిళ్లు పంచకూడదు. 1992 నుంచీ చట్టం ఉంది. కానీ ఇంటికొచ్చిన చుట్టం నోటికి ఏ చట్టం అడ్డం పడుతుంది!

ఇక మిగతావి గబగబా.

నీళ్లు: ఆరు నెలలు నిండేదాకా వద్దు. బెజవాడ మే నెల ఎండల్లో కూడా వద్దు. తల్లిపాలల్లో దాదాపు 88 శాతం నీళ్లే, పిల్ల ఇంకో రెండుసార్లు తాగుతుంది అంతే. దాహంగా ఉన్నా బాలింతకి నీళ్లివ్వకుండా కూర్చోబెట్టడం మాత్రం దారుణం. ఆవిడకి దాహం తీరా నీళ్లు, కడుపునిండా అన్నం, పప్పు, కూరలు పెట్టండి. వెల్లుల్లి కారం పెడితే పెట్టండి, అదొక్కటే పెట్టకండి.

తేనె ఏడాదిలోపు నాకించొద్దు, బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. వస కొమ్ము అరగదీసి పోస్తే మాటలు రావు, వాంతులు వస్తాయి. కాటుకలో సీసం ఉండొచ్చు. దిష్టికే అయితే అరికాలికి పెట్టుకోండి, కంట్లో వద్దు. సాంబ్రాణి పొగ పిల్ల ఊపిరితిత్తులకి కాదు, దేవుడి గదికి. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వద్దు. నెలన్నర దాటిన పిల్ల తల్లిపాలే తాగుతూ మూడు నాలుగు రోజులకోసారి మెత్తగా విరేచనం చేస్తే అది మలబద్ధకం కాదు. పళ్లొస్తే విరేచనాలు, జ్వరం రావు. వస్తే వేరే కారణం వెతకాలి. విటమిన్ డి చుక్కలు రోజూ 400 యూనిట్లు వేయండి, ఇది తల్లిపాలల్లో తక్కువ.

పెరుగుదల దశల గురించి ఒక్క మాట. దీంట్లో టెన్షన్ అంతా ఫోన్లు తెచ్చిపెట్టింది. మన పెద్దవాళ్లు దీన్ని పండగలా చూశారు. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. ఎన్నో వారంలో నవ్వాలో ఎవరూ గడువు పెట్టలేదు. మొన్న ఒక అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. నాలుగు నెలలైనా బాబు బోర్లాపడలేదట, వాట్సాప్ గ్రూపులో పక్కావిడ కొడుకు మూడో నెలకే పడ్డాడట. బాబేమో ఆవిడ ఒళ్లో మెడ నిటారుగా నిలబెట్టి, నా బల్లమీది పెన్నుల వైపు రెండు చేతులూ చాస్తున్నాడు. "వాడికి బోర్లా పడడానికి టైమెక్కడిదమ్మా, పెన్ను కావాలి వాడికి" అన్నాను. బోర్లాపడడం నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఎప్పుడైనా జరగొచ్చు. మెలకువగా ఉన్నప్పుడు మీరు పక్కనే కూర్చుని రోజూ కాసేపు బోర్లా వేయండి, మెడకి బలం వస్తుంది. నిద్రకి మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే.

నేను చూసేవి వేరు. మూడు నెలలకి కూడా మొహం చూసి నవ్వకపోవడం, చూపు నిలపకపోవడం, చప్పుడుకి ఉలికిపడకపోవడం, ఐదో నెలకీ మెడ నిలవకపోవడం, ఒంట్లో బిగుతు లేదా మరీ వాలిపోవడం, ఎప్పుడూ ఒక్క చెయ్యే వాడడం. వీటికి "మా ఇంట్లో అందరూ లేటే" అని ఆగొద్దు. రెండు నెలలు ముందు పుట్టిన పిల్లకైతే ఆ రెండు నెలలూ తీసేసి లెక్కపెట్టండి, ఐదు నెలలు నిండినా మూడు నెలల పిల్లే.

అన్నప్రాశన ముహూర్తం ఆడపిల్లకి ఐదో నెలలో పెట్టారంటే పెట్టుకోండి, నాలుకకి పాయసం తాకించండి. గిన్నెడు అన్నం మాత్రం ఆరు నెలలు నిండాకే.

ఆ ప్లాస్టిక్ సంచి పిన్నిగారి మనవరాలు పధ్నాలుగు వారాల టీకాకి మొన్న వచ్చింది. 5.4 కిలోలు. స్టెత్ చల్లగా తగలగానే బోసినోటితో గట్టిగా నవ్వింది, ఆ తర్వాత టీకా వేశాక నన్ను చూసి ఏడ్చింది. డబ్బా రెండో రోజే ఆపేశారట. ఆవిడ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి బల్లమీద పెట్టింది. నువ్వుండలు. నేను ఒకటి నోట్లో వేసుకునేదాకా ఆగి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఎండలు ముదిరాయిగా డాక్టరమ్మా, రెండు చెంచాలు నీళ్లు పట్టేదా?"