గుంటూరు గ్రహణం, ఒక పసుపు గీత
పొయ్యి మీద పప్పు పొంగి మంటలో పడితే నీలి మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా వెలుగుతుంది. అది పప్పులో వేసిన ఉప్పు చేసే పని. ఉప్పులోని సోడియం బాగా వేడెక్కితే ఆ రంగే ఇస్తుంది. ఆ వెలుగును, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినిలో చూస్తే పక్కపక్కనే రెండు పసుపు గీతలు కనిపిస్తాయి: 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర.

1868 ఆగస్టు 18న మా గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళవేత్త పియర్ జాన్సెన్ ఇక్కడే పరికరాలు అమర్చుకున్నారు. సూర్యబింబం పూర్తిగా మాటుపడిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచున ఎగసిన ఎర్రని జ్వాలల కాంతిలో ధగధగలాడే గీతలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు వేడెక్కిన వాయువులన్నమాట. ఇంత మెరిసే గీతలు గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అని ఆయనకు తోచింది. మర్నాడు మామూలు సూర్యుడి మీదే చూశారు. కనిపించాయి!

హీలియం పుట్టిల్లు గుంటూరని చెప్పుకుంటాం. నాకూ ఆ గర్వం ఉంది. కానీ ఆ రోజు ఇక్కడ ఎవరూ కొత్త మూలకం పేరెత్తలేదు. గ్రహణంలో పసుపు గీతను చూసినవారిలో చాలామంది దాన్ని సోడియం ఖాతాలోనే వేశారు. తప్పు పట్టలేం. ఆ గీత ఉన్నది 587.6 దగ్గర. అంత దగ్గరలో తెలిసిన గీత ఉండగా ఎవరికైనా తెలిసిన పేరే నోటికి వస్తుంది.

అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళవేత్త నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూశారు. అది సోడియం జంటతో కలవలేదు. హైడ్రోజన్‌తో ప్రయోగశాలలో ఎంత ప్రయత్నించినా ఆ గీత రాలేదు. అప్పుడు గాని కొత్త మూలకమన్న ఆలోచనకు చోటు దొరకలేదు. భూమి మీద లేని పదార్థం సూర్యుడిలో ఉందంటే చాలామంది నమ్మలేదు. చివరికి 1895లో రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేస్తే వెలువడిన వాయువులో అదే గీత దొరికింది. మధ్యలో 27 ఏళ్ళు గడిచాయి.

అయినా సూర్యుడు చాలావరకు భూమిలాంటి పదార్థాలతోనే తయారైందన్న నమ్మకం చెక్కుచెదరలేదు. 1925లో ఖగోళవేత్త సిసిలియా పేన్, ఎంత వేడిలో పరమాణువులు ఎంతవరకు ఎలక్ట్రాన్లు కోల్పోతాయో చెప్పే మన మేఘనాద్ సాహా సమీకరణం ఆధారంగా లెక్కకట్టి, నక్షత్రాల్లో ఉన్నది ప్రధానంగా హైడ్రోజన్, హీలియమేనని తేల్చారు. అది అసాధ్యమని ప్రముఖ ఖగోళవేత్త హెన్రీ రస్సెల్ అంటే, ఆ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని ఆమె తన సిద్ధాంత గ్రంథంలో రాసుకోవలసి వచ్చింది. ఆ వాక్యం గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. నాలుగేళ్ళకు రస్సెల్ మరో దారిలో అక్కడికే చేరి, ఆమె మాట సరైనదని ఒప్పుకున్నారు.

లాకియర్ ఆ కొత్త మూలకాన్ని, అంటే హీలియాన్ని, లోహమనుకున్నారు. అందుకే సోడియం, కాల్షియంలాగా దాని పేరు చివరా ‘ఇయం’ చేరింది. అది వాయువని తేలినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.