సంతకం పెట్టకపోతే ఉత్తరం అందనట్టేనా? ప్రచార ఉత్తరాల మీద అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్ళి వైపు 16 ఏళ్లుగా పోస్ట్‌మన్‌గా తిరుగుతున్నాను, చిత్తూరు వాణ్ని. నా బీట్‌లో తెలుగువాళ్లు చాలామంది, అందరిదీ ఒకటే గోల: "అన్నా, ఈ లోన్ ఉత్తరాలు, ప్లాట్ల కాగితాలు ఎలా ఆగుతాయి?" విసుగు రావడం న్యాయమే. ఆ విసుగులో చేసే ఒక పని మాత్రం కొంప ముంచుతోంది.

అపోహ: ఏదొచ్చినా వద్దనేస్తే సరి, సంతకం పెట్టకపోతే నాకు అందనట్టే.

వాస్తవం: మామూలు ప్రచార కవరైతే వద్దనండి, ఏ నష్టమూ లేదు. సంతకం అడిగే ఉత్తరం అలా కాదు. సరైన అడ్రసుకు రిజిస్టర్ చేసి పంపిన నోటీసును మీరు తిప్పి పంపితే, నేను దాని మీద 'రెఫ్యూజ్డ్' అని రాస్తాను, కోర్టు దాన్ని అందినట్టే లెక్కేస్తుంది. చెక్ బౌన్స్ నోటీసైతే డబ్బు కట్టడానికి ఉండేది 15 రోజులే, అవీ ఇలాగే కరిగిపోతాయి.

ఒక షాపాయనకు అలాంటి కవరే తీసుకెళ్లాను. మూలన లాయరు ముద్ర కనిపిస్తోంది. "పంపినవాళ్ల పేరు ఒకసారి చదవండి సార్" అన్నాను. "లోన్ వాళ్లదేలే, తీసుకుపో" అని షట్టర్ దించేశాడు. కొన్ని నెలలకు కోర్టు సమన్లు పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు, చేతులు వణుకుతున్నాయి. నోటీసు అందలేదనేవాళ్లు సమన్లు వచ్చిన 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టేయవచ్చని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది, వెంటనే లాయరును కలవమని పంపాను. ఆ రోజు షట్టర్ దగ్గర ఇంకోసారి గట్టిగా చెప్పాల్సిందని ఇప్పటికీ బాధే.

1909కి డీఎన్‌డీ, అంటే ప్రచార కాల్స్ వద్దని నమోదు, పెడితే కాగితాలూ ఆగుతాయని వాట్సాప్‌లో తిప్పుతున్నారు, దయచేసి ఆపండి. అది ఫోన్ కాల్స్‌కీ మెసేజ్‌లకీ మాత్రమే. పేపర్లో దూర్చి వచ్చే పాంప్లెట్లు మేం వేసేవి కావు, పేపర్ ఏజెంటుకు చెప్పాలి. తలుపుకు తగిలించేవాటికి అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే అడ్డం పడాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు ఈమెయిల్‌కు మార్చుకోండి, షేర్లుంటే డీమ్యాట్ ఖాతాలో ఈమెయిల్ ఎక్కించండి, కంపెనీల కాగితాలు చాలావరకు తగ్గుతాయి. పాత అద్దెవాళ్ల ఉత్తరాలు చించకుండా, 'ఇక్కడ లేరు' అని రాసి మాకివ్వండి.

ఇక భయపడేవాళ్లు. 'ప్రీ అప్రూవ్డ్' అని 5 లక్షల అంకెతో వచ్చిన ఉత్తరం చూసి, కొడుకు చెప్పకుండా అప్పు చేశాడనుకుని, ఒక పెద్దావిడ దాన్ని వారం రోజులు బియ్యం డబ్బాలో దాచింది. "ఇది అప్పు కాదమ్మా, తీసుకోమని అడుగుతున్నారంతే" అన్నాను. "నిజమేనా నాయనా" అని రెండుసార్లు అడిగింది. ఇప్పుడు ఏ కవరొచ్చినా గేటు దగ్గరే నా చేత చదివించుకుంటోంది.